రెండో మెట్టు మీద ఐ-లీగ్

శ్రోతలకు నమస్కారం.

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. కలకత్తాకు చెందిన మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బు ఆనాడు షిల్లాంగ్ లజాంగ్ జట్టును 2–1తో ఓడించి, ఇంకా ఒక మ్యాచ్ మిగిలి ఉండగానే, దేశంలో రెండో శ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ఐ-లీగ్ టైటిల్‌ను ఖాయం చేసుకుంది. ఆ ఆటను నేను విశాఖపట్నంలో, అక్కయ్యపాలెంలో మా పొరుగింటి వరండాలో కూర్చుని, పొరుగాయన ఫోనులో చూశాను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో డిపార్టుమెంటు జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవారు. ఆట అయ్యాక ఆయన పాయింట్ల పట్టిక తెరిచి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "మన విశాఖకు ఐ-లీగ్‌లో జట్టు వస్తోందని అప్పట్లో పేపర్లో రాశారు కదండీ, అదెక్కడుంది ఇందులో?" అని అడిగారు.

ఆ జట్టు అక్కడే, పై నుంచి రెండో వరుసలో ఉంది. కాకపోతే దాని పేరులో విశాఖ అన్న మాట లేదు. అది తన సొంత మైదానంగా చెప్పుకునే చోటు హైదరాబాదు శివార్లలో ఉంది. ఆయనకు ఆ పూట నేను చెప్పిన జవాబు పొడిపొడిగానే సాగింది. ఎందుకంటే మన దేశంలో రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగ్ ఎలా పుట్టింది, అందులోకి ఎవరు ఏ దారిన వచ్చారు, అందులోంచి పైకి వెళ్లే దారి ఎప్పుడు మూసుకుపోయి ఎప్పుడు తెరుచుకుంది అన్న సంగతులన్నీ తెలిస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు పూర్తి కాదు. ఆనాడు మిగిలిపోయిన ఆ జవాబే ఈనాటి నా ప్రసంగం.

విశాఖపట్నం ఉద్యోగుల ఊరు. పోర్టు, రైల్వే, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, నేవీ ఉన్న ఊళ్లో ప్రమోషన్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆఫీసులో ప్రమోషన్ రావాలంటే సీనియారిటీ ఉండాలి, పైన ఖాళీ ఉండాలి, పై అధికారి రాసే సీఆర్ బాగుండాలి. ఫుట్‌బాల్ లీగులో ప్రమోషన్‌కు వీటిలో ఏదీ అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఆడి, పట్టికలో అందరికన్నా పైన నిలిచిన జట్టు మరుసటి ఏడు పై శ్రేణిలో ఆడుతుంది. పై శ్రేణిలో అట్టడుగున ఉన్న జట్టు, అది ఎంత పాతదైనా, ఎంత పేరున్నదైనా, కింది శ్రేణికి దిగుతుంది. మన పత్రికలు దీనికి "పదోన్నతి" అని రాస్తున్నాయి గాని, ఆ మాట వినగానే ఫైళ్ల వాసన తగులుతుంది. ఆటగాళ్లు మాత్రం పైకి వెళ్లడం, దిగిపోవడం అనే అంటారు. నేనూ ఆ మాటలే వాడతాను.

ఈ పద్ధతి పుట్టిన ఇంగ్లండులో కూడా ఇది మొదటి రోజు నుంచీ ఇంత సూటిగా లేదు. అక్కడ 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 1892లో, ఫుట్‌బాల్ అలయన్స్ అనే మరో పోటీలోని క్లబ్బులను కలుపుకోవడంతో, దానికి రెండో డివిజన్ ఏర్పడింది. ఆ మొదటి ఏడాది రెండో డివిజన్‌లో ప్రథమ స్థానం స్మాల్ హీత్‌ది, అంటే ఈనాటి బర్మింగ్‌హామ్ సిటీది. అయినా అది పైకి వెళ్లలేదు. పై డివిజన్ అడుగున ఉన్న జట్లతో రెండో డివిజన్ పైన ఉన్న జట్లు "టెస్ట్ మ్యాచ్" ఆడి గెలవాలన్నది నాటి నియమం. స్మాల్ హీత్ ఆ పరీక్షలో న్యూటన్ హీత్ చేతిలో ఓడింది. ఆ న్యూటన్ హీతే తరువాతి కాలపు మాంచెస్టర్ యునైటెడ్. 1898లో ఈ టెస్ట్ మ్యాచుల గుట్టు బయటపడింది. స్టోక్, బర్న్‌లీ జట్లు తలపడిన చివరి మ్యాచ్ డ్రా అయితే చాలు, రెండింటికీ మొదటి డివిజన్‌లో చోటు దక్కుతుంది. ఇక గోల్ కొట్టవలసిన అవసరం ఎవరికుంటుంది? ఆట 0–0గా ముగిసింది. ఆ వ్యవహారం చూశాక లీగ్ పెద్దలు టెస్ట్ మ్యాచులకు స్వస్తి చెప్పి, పట్టికలోని స్థానమే పైకీ కిందికీ తీర్పు అన్న నియమం తెచ్చారు. చెడిన తరువాతే అక్కడ నియమం దిద్దుకున్నారు.

మన దేశంలో ఆ కాలానికే డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, ఐఎఫ్ఏ షీల్డ్ వంటి కప్పు పోటీలు ఉన్నాయి. కలకత్తా వంటి నగరాలకు తమ తమ లీగులు ఉన్నాయి. కాని దేశమంతటికీ కలిపి ఒక లీగ్ మాత్రం మరో నూరేళ్ల వరకు రాలేదు. కప్పు పోటీలో రెండో శ్రేణి అన్న ప్రసక్తే ఉండదు; ఓడినవాడు పెట్టె సర్దుకుని రైలెక్కుతాడు. తెలుగువాళ్ల ఫుట్‌బాల్ వైభవమంతా ఆ కప్పుల కాలానిదే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ జట్లు ఏడాది పొడవునా సాగే జాతీయ లీగులో ఆడి ఉంటే ఎలా ఉండేదో అని నా పొరుగాయన అప్పుడప్పుడు నిట్టూరుస్తుంటారు. నాకు మాత్రం అది తీరని ఊహ.

జాతీయ లీగ్ 1996లో వచ్చింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అన్న పేరుతో మొదలైన దాని తొలి సీజన్‌ను పంజాబ్‌లోని ఫగ్వాడాకు చెందిన జేసీటీ మిల్స్ గెలిచింది. ఆ జట్టు తరఫున బైచుంగ్ భూటియా 14 గోల్స్‌తో లీగులోనే అగ్రస్థానంలో నిలిచాడు. మరుసటి సీజన్‌లోనే, అంటే 1997–98లో, దానికి రెండో డివిజన్ కూడా ఏర్పాటు చేశారు. అయితే ఆ రెండో డివిజన్‌ను ఇంగ్లండు నమూనాలో ఊహించుకోకూడదు. అక్కడ ఏడాది పొడవునా ప్రతి జట్టూ మిగిలిన ప్రతి జట్టుతో సొంత ఊళ్లో ఒకసారి, ఎదుటివారి ఊళ్లో ఒకసారి ఆడుతుంది. ఇక్కడ చాలాకాలం పాటు జట్లను గ్రూపులుగా విడదీసి, ఒక్కో గ్రూపును ఒక ఊళ్లో దించి, కొద్ది రోజుల్లో ఆటలు ముగించి, నెగ్గినవాళ్లతో చివరి రౌండు ఆడించేవారు. ఒక్క మ్యాచ్‌లో కాలు జారితే ఏడాది పోయినట్టే. ప్రేక్షకులకు తమ ఊరి జట్టును తమ ఊళ్లో చూసే అవకాశం లేదు. క్లబ్బుకు టిక్కెట్ల మీద వచ్చే రాబడీ లేదు. రెండో శ్రేణి క్లబ్బులు పట్టుమని పదేళ్లు నిలవలేకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

2007లో నేషనల్ లీగ్ స్థానంలో ఐ-లీగ్ వచ్చింది. తొలి విజేత గోవాకు చెందిన డెంపో. 2008లో దాని రెండో డివిజన్ మొదలైంది; దానిని ముంబై ఎఫ్‌సీ గెలిచింది. ఆ తరువాతి ఏళ్లలో ఒక పక్క పెద్ద సంస్థల జట్లు ఒక్కొక్కటే తలుపులు మూశాయి. మహీంద్రా యునైటెడ్ 2010లో, తొలి జాతీయ విజేత జేసీటీ 2011లో రంగం విడిచాయి. మరో పక్క, ఈశాన్యం కొండల్లోంచి కొత్త జట్లు ఈ రెండో డివిజన్ మెట్ల మీదుగా పైకి వచ్చాయి. వీటిలో ఒక జట్టు గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో, లోయ అంచున, కృత్రిమ పచ్చిక పరిచిన రాజీవ్ గాంధీ స్టేడియం ఉంది. ఆ ఊరి ఐజ్వాల్ ఎఫ్‌సీ 2014–15లో రెండో డివిజన్ గెలిచి ఐ-లీగ్‌లోకి ప్రవేశించింది. తొలి సీజన్‌లోనే తడబడి, కిందికి దిగిపోయింది. అక్కడితో కథ ముగియవలసింది. కాని అప్పుడే గోవా క్లబ్బులు డెంపో, సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ డి గోవా లీగ్ నుంచి తప్పుకున్నాయి. భారత ఫుట్‌బాల్ ఏ దారిన పోతోందో తమకు నచ్చలేదని అవి బాహాటంగానే చెప్పాయి. ఖాళీలు పూరించడానికి ఐజ్వాల్‌ను మళ్లీ పిలిచారు. ఆఫీసు భాషలో చెప్పాలంటే, కింది పోస్టుకు దింపే రివర్షన్ ఆర్డరు చేతికందిన మనిషిని మళ్లీ అదే కుర్చీలో కూర్చోమన్నారు.

అలా వచ్చిన జట్టు, ఖాలిద్ జమీల్ శిక్షణలో, 2016–17 సీజన్ ఆఖరు నాటికి అన్నిటికన్నా పైన నిలిచింది. 2017 ఏప్రిల్ 22న సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించింది. ఆ గోల్ ఆట చివరి పది నిమిషాల్లోకి వచ్చాక, జోమింగ్లియానా రాల్టే తలతో కొట్టింది. ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో లజాంగ్‌తో జరిగిన ఆఖరి మ్యాచ్‌లో ఐజ్వాల్‌కు డ్రా చాలు. మొదట లజాంగ్ గోల్ కొట్టింది, రెండో భాగంలో ఐజ్వాల్ సమం చేసింది, 1–1. అదే సమయానికి కలకత్తాలో మోహన్ బగాన్ తన మ్యాచ్ గెలిచినా ప్రయోజనం లేకపోయింది. ఐజ్వాల్‌కు 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. ఏడాది కిందట దిగిపోయిన జట్టు దేశపు చాంపియన్ అయింది. రెండో శ్రేణి అన్నది ఎందుకు ఉండాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క సీజన్‌నే చూపిస్తాను.

ఆ తరువాత జరిగినది అంత ముచ్చటైన కథ కాదు. 2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ల పాటు ఐఎంజీ-రిలయన్స్ అనే సంస్థకు ఇచ్చింది. ఆ ఒప్పందం కడుపున పుట్టినదే 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్ఎల్. అందులోకి ఆడి రావడం కాదు, ఫీజు కట్టి రావాలి. అందులోంచి దిగిపోవడం అన్న మాటే లేదు. మొదట మూడు నెలల పోటీగా ఉన్న ఐఎస్ఎల్, 2017–18 నుంచి ఐ-లీగ్‌తో సమాంతరంగా సాగే రెండో జాతీయ లీగ్ అయింది. చాంపియన్‌గా ఉన్న ఐజ్వాల్ తనకు ఆ లీగులో చోటివ్వమని కోరింది, దొరకలేదు. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదంతో ఒక దారి పటం తయారైంది. దాని ప్రకారం ఆసియా చాంపియన్స్ లీగుకు వెళ్లే అవకాశం ఐఎస్ఎల్‌ది అయింది. 2022–23 నుంచి ఐ-లీగ్ విజేతకు ఫీజు లేకుండా ఐఎస్ఎల్‌లో చోటు ఇవ్వాలన్నారు. అంటే పుష్కర కాలం పాటు దేశపు మొదటి లీగుగా వెలిగిన ఐ-లీగ్, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే, కాగితం మీద రెండో శ్రేణికి దిగింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ 2020లోనే ఐఎస్ఎల్‌కు తరలిపోయాయి.

ఆ ఐ-లీగ్‌కు ఇక మిగిలినవి ఏమిటని అనుకున్నవాళ్లు లేకపోలేదు. కాని దేశపటం మీద దాని పరిధి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2018 మేలో బెంగళూరులో హిందుస్తాన్ ఎఫ్‌సీని 3–2తో ఓడించి రెండో డివిజన్ గెలిచిన రియల్ కశ్మీర్, అంతకు రెండేళ్ల ముందు పుట్టిన క్లబ్బు. స్కాట్లండుకు చెందిన డేవిడ్ రాబర్ట్‌సన్ దాని శిక్షకుడు. పైకి వచ్చిన తొలి ఏడే ఐ-లీగ్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. శ్రీనగర్, ఐజ్వాల్, ఇంఫాల్, కోజికోడ్, కోయంబత్తూరు ఒకే పట్టికలో ఉండే పోటీ మన దేశంలో మరేదీ అంత తేలిగ్గా తట్టదు. ఈ దూరాలే దీని భారం కూడా. టీవీ రాబడి స్వల్పంగా ఉన్న లీగులో పాతికమందిని కోజికోడ్ నుంచి ఐజ్వాల్ తీసుకెళ్లి తేవడమంటే క్లబ్బు ఖజానాకు ఎంత చిల్లు పడుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 2020లో సమాఖ్య, కింది డివిజన్ల నుంచి ఆడి రానక్కర్లేకుండా, దరఖాస్తు పెట్టుకుని ఐ-లీగ్‌లోకి నేరుగా రాదలచిన క్లబ్బుల నుంచి బిడ్లు పిలిచింది. ఆగస్టులో రెండు బిడ్లను ఎంపిక చేశారు. ఢిల్లీకి చెందిన సుదేవకు 2020–21 నుంచి, విశాఖపట్నం పేరుతో దాఖలైన శ్రీనిధికి 2021–22 నుంచి చోటు దక్కింది. విశాఖపట్నం నుంచి జాతీయ లీగులో జట్టు అన్న వార్త చూసి ఈ ఊరి ఫుట్‌బాల్ అభిమానులు ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. మైదానం ఏది, పోర్టు స్టేడియమా, ఇందిరా ప్రియదర్శిని స్టేడియమా అని మా వీధి చివర టీకొట్టు దగ్గర వాదనలు కూడా జరిగాయి. ఆ వాదనలు తేలకముందే క్లబ్బు శ్రీనిధి దక్కన్ అన్న పేరుతో హైదరాబాదు శివారు అజీజ్‌నగర్‌లోని దక్కన్ ఎరీనాను తన స్థావరం చేసుకుంది.

తొలి సీజన్‌లో ఎలాగూ సొంత ఊరన్నది ఎవరికీ లేదు. కోవిడ్ కారణంగా 2021–22 లీగ్ మొత్తాన్ని పశ్చిమ బెంగాల్‌లో, కలకత్తా, కల్యాణి, నైహాటి మైదానాల్లో, ఆటగాళ్లను హోటళ్లలో ఉంచి నడిపారు. డిసెంబరు చివర మొదలైన పోటీ కొద్ది రోజులకే ఆగి, మార్చిలో తిరిగి సాగింది. ఆ గందరగోళంలోనే శ్రీనిధి దక్కన్ మూడో స్థానంలో నిలిచింది. గోకులం కేరళ వరుసగా రెండోసారి విజేత అయింది. ఐ-లీగ్ చరిత్రలో అంతకు ముందు ఏ జట్టూ టైటిల్ నిలుపుకోలేదు.

2022–23లో పైకి వెళ్లే తలుపు నిజంగా తెరుచుకుంది. రౌండ్‌గ్లాస్ పంజాబ్ విజేతగా నిలిచి, ఆట మీద ఐఎస్ఎల్‌లోకి ప్రవేశించిన తొలి క్లబ్బు అయింది. రెండో స్థానం శ్రీనిధిది. మరుసటి సీజన్‌లో, నేను మొదట చెప్పినట్టు, మొహమ్మదన్ స్పోర్టింగ్ విజేత. 1891లో పుట్టి, 1934 నుంచి వరుసగా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన ఆ క్లబ్బుకు అగ్రశ్రేణిలో చోటు రావడం న్యాయమే. రెండో స్థానం మళ్లీ శ్రీనిధిదే. ఈ లీగులో రెండో స్థానానికి ప్లేఆఫ్ కూడా లేదు. ఒక్కరే పైకి వెళతారు. కాబట్టి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనుదిరిగిన జట్టు అది. దానితో పాటే ఎంపికైన సుదేవ కథ మరో రకం. అది 2023లో దిగిపోయింది. నేరుగా రావడానికి బిడ్డు సరిపోతుంది గాని నిలవడానికి సరిపోదు.

పట్టిక తీర్పే అంతిమం అన్నాను గాని, 2024–25లో పట్టిక తేలడానికే మూడు నెలలకు పైగా పట్టింది. ఏప్రిల్ 6న ఆటలు ముగిసేసరికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్‌కు 40 పాయింట్లు, వారణాసి పేరుతో ఆడే ఇంటర్ కాశీకి 39. కాని నామ్‌ధారీ జట్టు అర్హత లేని ఆటగాణ్ని తమ మీద ఆడించిందన్న ఇంటర్ కాశీ ఫిర్యాదు తేలలేదు. సమాఖ్య అప్పీలు కమిటీ తీర్పు ప్రకారం చర్చిల్‌ను విజేతగా ప్రకటించి ట్రోఫీ కూడా చేతికిచ్చారు. ఇంటర్ కాశీ స్విట్జర్లండులోని లోజాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ న్యాయస్థానం జూలైలో ఇంటర్ కాశీయే విజేత అని తీర్పు చెప్పింది. గెలుపు ఊరేగింపు ఒకరిది, టైటిల్ మరొకరిది. 1898 నాటి స్టోక్, బర్న్‌లీ వ్యవహారంతో పోలిస్తే ఇక్కడ తప్పు ఆటలో లేదు, ఫిర్యాదు తేల్చే తీరులో ఉంది. ఇంకొక లోటు కూడా మిగిలే ఉంది. పైకి వెళ్లే తలుపు తెరిచారు సరే, ఆ సీజన్ వరకు ఐఎస్ఎల్ నుంచి ఒక్క జట్టునూ కిందికి దించలేదు.

ఐ-లీగ్ కిందనున్న పాత రెండో డివిజన్‌ను 2023లో ఐ-లీగ్ 2 అని పిలవసాగారు. అదే ఏడాది దాని కింద ఐ-లీగ్ 3 కూడా ఏర్పడింది. రాష్ట్రాల సంఘాలు తమ క్లబ్బులను ఆ మూడో దానికి పంపుతాయి. ఈ వరుసంతా మొన్న మా పొరుగాయనకు కాగితం మీద గీసి చూపించాను. బిడ్డు వేయకుండా, ఆడుతూనే పైకి రావాలనుకునే విశాఖ క్లబ్బు ఒకటి వచ్చే ఏడు మొదలైందనుకుందాం. మొదటి ఏడు రాష్ట్రంలో గెలవాలి. రెండో ఏడు ఐ-లీగ్ 3లో నెగ్గాలి. మూడో ఏడు ఐ-లీగ్ 2. నాలుగో ఏడు ఐ-లీగ్. ఎక్కడా ఒక్క సీజన్ కూడా జారకుండా వస్తే, ఐదో ఏడు అగ్ర లీగులో ఆడుతుంది. ఆయన ఆ కాగితం తీసుకుని, వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క వేసుకున్నారు. ఈ సంక్రాంతికి ఆయనకు డెబ్భై రెండు నిండాయి. "అయితే అప్పటికి నాకు డెబ్భై ఏడు. మోకాళ్లు సహకరిస్తే గ్యాలరీ మెట్లు ఎక్కగలను" అన్నారు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మైదానం ఏదైతే బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టారు.

నమస్కారం.